త్రోవను నడుచునప్పుడు: మా కుటుంబ ప్రార్థన ఇల్లు దాటిన ఏడాది

మా ఇంట్లో కుటుంబ ప్రార్థన రాత్రి ఎనిమిదిన్నరకు. పెళ్ళయిన నాటినుంచీ ఉన్న అలవాటు. ఒక పాట, ఒక అధ్యాయం, దాని మీద నేను చెప్పే నాలుగు మాటలు, చివర్లో ప్రార్థన. పిల్లలు పెద్దవుతున్నకొద్దీ ఆ నాలుగు మాటలు నలభై అయ్యాయి. వాళ్ళకు విశ్వాసం నేర్పాలన్న తపన నాది. తండ్రిగా అది నా బాధ్యత అని ఇప్పటికీ నమ్ముతాను.

ఒక రాత్రి నేను మాట్లాడుతూ తలెత్తి చూస్తే చిన్నది వాళ్ళమ్మ ఒళ్ళో నిద్రపోతోంది. దానికప్పుడు ఆరేళ్ళు. పెద్దవాడు గడియారం వైపు చూస్తున్నాడు. వాడికి పదకొండు. నాకు కోపమొచ్చింది. "దేవుడి దగ్గర కూర్చున్నప్పుడు ఇలాగేనా ఉండేది?" అన్నాను. వాడు తల వంచుకుని మెల్లగా అన్నాడు: "దేవుడి దగ్గర కూర్చున్నట్టు లేదు నాన్నా. నీ దగ్గర కూర్చున్నట్టుంది."

మా ఆవిడ ఏమీ అనలేదు. వాడి తల మీద చెయ్యి వేసింది, అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడు ఎదురు చెప్పాడని కాదు, నిజం చెప్పాడని.

పిల్లలకు దేవుని మాటలు నేర్పడం గురించి ఎవరైనా మాట్లాడితే ముందు బైబిల్లో ద్వితీయోపదేశకాండము ఆరో అధ్యాయమే ఎత్తుతారు. నేనూ ఎన్నోసార్లు ఎత్తినవాణ్ణే. మర్నాడు పొద్దున మళ్ళీ తీసి ఏడో వచనం దగ్గర ఆగాను. ఆ మాటల గురించి పిల్లలతో ఎప్పుడెప్పుడు మాట్లాడాలో అక్కడ నాలుగు వేళలు చెప్పారు: ఇంట్లో కూర్చున్నప్పుడు, త్రోవను నడిచేటప్పుడు, పడుకొనేటప్పుడు, లేచేటప్పుడు. ఇన్నేళ్ళూ నేను పట్టుకున్నది మొదటిదొక్కటే. కూర్చున్నప్పుడు. అది కూడా నేను మాట్లాడటం, వాళ్ళు వినడం.

అలా మొదలైంది. నెలకోసారైనా నలుగురం, వీలైతే మా అమ్మతో కలిసి ఐదుగురం, ఎక్కడికైనా వెళ్దామనుకున్నాం. దూరం కానక్కర్లేదు. ఒక చెట్టు నీడైనా సరే. వచ్చాక ఆ రోజు సంగతి ఒక నోట్‌బుక్‌లో రాసుకోవాలి. నిజం చెప్పాలంటే నా మనసులో అప్పటికీ అది పాఠం చెప్పే ఇంకో పద్ధతే. గది మారుతుంది, అంతే అనుకున్నాను.

మొదటిసారి ఒక చెరువు గట్టుకు వెళ్ళాం. మత్తయి సువార్త ఆరో అధ్యాయం సిద్ధం చేసుకుని వెళ్ళాను. ఆకాశపక్షులు విత్తవు, కోయవు, కొట్లలో కూర్చుకోవు, పరలోకపు తండ్రి వాటిని పోషిస్తున్నాడు. పక్షులు కనబడగానే మొదలుపెట్టాను. పెద్దవాడు వినడం లేదు. వాడి చూపు నీళ్ళలో ఒంటికాలి మీద నిలబడ్డ తెల్ల కొంగ మీద ఉంది. "నాన్నా, మనం వచ్చినప్పట్నుంచీ అది కదల్లేదు" అన్నాడు.

నేను చెబుతున్నది ఆపి చూశాను. నిజమే. మెడ కొంచెం ముందుకు వంచి, కన్ను నీటి మీదే నిలిపి, గాలికి ఈకలు కదలడమే తప్ప తను కదలడం లేదు. కొంగ జపం అని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, ఆ నిలబడటం చూస్తే అంత తేలిగ్గా అనబుద్ధి కాదు. ఎంతసేపు అలా చూశామో తెలియదు. ఉన్నట్టుండి మెడ నీళ్ళలోకి దూసుకెళ్ళింది, చేప ముక్కున మెరిసింది. పిల్లలిద్దరూ అరిచారు. చిన్నది అడిగింది: "దేవుడు పెడతాడన్నావు కదా నాన్నా, మరి అదే పట్టుకుందేం?"

నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబేదీ దానికి సరిపోలేదు. అంత పెద్ద ప్రశ్నను ఆరేళ్ళ పిల్ల అడిగితే, "నాకూ ఆలోచించాలనుందమ్మా" అన్నాను. నా పిల్లల ముందు నేను ఆ మాట అనడం అదే మొదటిసారి. తరవాత వారమంతా మా ఇంట్లో అదే చర్చ. చేపను చేసింది ఎవరు, కొంగకు అంత పొడుగు ముక్కు ఇచ్చింది ఎవరు, ఓపిక ఎవరిచ్చారు, మరి నిలబడే పని ఎవరిది? యేసు పక్షుల గురించి చెప్పింది పని చేయవద్దని కాదు, చింతించవద్దని. ఈ సంగతి నేను ఎన్నోసార్లు చెప్పే ఉంటాను. కానీ ఈసారి పెద్దవాడే వాళ్ళ నానమ్మకు చెప్పాడు, అన్నం ముందు కూర్చుని, చేతులు తిప్పుతూ.

అప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం. మా ఆవిడే పెట్టింది. వెళ్ళిన చోట పాఠం చెప్పకూడదు. రాత్రి ఇంటికొచ్చాక "ఏం నేర్చుకున్నారు?" అని అడగకూడదు. "ఏం చూశారు?" అని అడగాలి. నేర్చుకున్నదేమిటని అడిగితే పిల్లలు మనకు నచ్చే జవాబు వెతుక్కుంటారు. చూసిందేమిటని అడిగితే చూసింది చెబుతారు. ఎవరైనా ఈ దారి పడదామనుకుంటే నా అనుభవంలో అన్నిటికన్నా పనికొచ్చిన మాట ఇదే.

అన్నిసార్లూ ఏదో ఒకటి దొరికిందని చెప్పను. రెండోసారి వర్షానికి సగం దారిలోనే వెనక్కి తిరిగాం. ఇంకోసారి పిల్లలిద్దరూ కిటికీ సీటు కోసం కొట్టుకుంటూనే వెళ్ళి, కొట్టుకుంటూనే వచ్చారు. ఆ పేజీల్లో తారీఖు ఒక్కటే ఉంది.

నాలుగోసారి సముద్రానికి వెళ్ళాం. అక్కడ చిన్నది తప్పిపోయింది.

ఎలా జరిగిందో ఇప్పటికీ క్రమంగా చెప్పగలను. పెద్దవాడు అలల్లోకి పరిగెత్తుతుంటే నేను వెనకాల వెళ్ళాను. మా ఆవిడ తడిసిన బట్టలు సంచిలో సర్దుతోంది. చిన్నది వాళ్ళమ్మ దగ్గరుందని నేను, నా వెంట వచ్చిందని ఆవిడ. నేను వెనక్కి వచ్చేసరికి "చిన్నదేదండీ?" అంది. "నీ దగ్గర లేదా?" అన్నాను. ఆ రెండు ప్రశ్నల తరవాత క్షణంసేపు ఇద్దరికీ ఏమీ వినబడలేదు. సముద్రం కూడా.

పెద్దవాణ్ణి సంచి దగ్గర కదలకుండా కూర్చోమని చెప్పి చెరో వైపు పరిగెత్తాం. మనిషి మనిషినీ అడిగాను. ఇసుకలో చిన్న పాదాల గుర్తులు వందలున్నాయి, ఏవి మా పిల్లవో తెలియదు. ప్రార్థన చేశానా అంటే, నోట్లోంచి వచ్చింది ఒకటే మాట, ప్రభువా, ప్రభువా అని. ఇరవై నిమిషాలకు, ఒడ్డుకు లాగి పెట్టిన పడవ వెనక దొరికింది. మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో గొయ్యి తవ్వుతోంది. అడుగున నీళ్ళూరాయి, అవి ఎక్కడినుంచి వస్తున్నాయో చూద్దామని ఇంకా తవ్వుతోంది. నేను ఎత్తుకుని గట్టిగా పట్టుకుంటే ఆశ్చర్యంగా చూసింది. "నేను ఇక్కడే ఉన్నాను నాన్నా. మీరే కనబళ్ళేదు."

దొరికింది కదా, అక్కడితో అయిపోవాలి. కాలేదు. దారి పొడుగునా నేనూ మా ఆవిడా మాటలనుకున్నాం. "నువ్వు చూస్తున్నావనుకున్నాను." "మీతో వచ్చిందనుకున్నాను." గొంతులు పెరిగాయి. పిల్లలిద్దరూ వెనక సీట్లో చప్పుడు లేకుండా కూర్చున్నారు. నేను అనకూడని మాట ఒకటి అన్నాను, ఆవిడ తల్లితనాన్ని తప్పుపడుతూ. అది ఇక్కడ రాయను.

ఇంటికి చేరాక ఎవరూ అన్నం సరిగా తినలేదు. ఎనిమిదిన్నర అయింది. బైబిలు తెరవడానికి నాకు మొహం చెల్లలేదు. అమ్మే తెరిచింది. లూకా సువార్త రెండో అధ్యాయం చివరి భాగం చదివింది. పన్నెండేళ్ళ యేసును తీసుకుని మరియ, యోసేపు యూదుల పస్కా పండుగకు యెరూషలేము వెళ్ళారు. ఏటా వెళ్ళేవాళ్ళే. నజరేతు నుంచి వంద కిలోమీటర్ల పైమాటే, చుట్టపక్కాలందరితో కలిసి రోజుల తరబడి నడక. తిరిగి వస్తున్నప్పుడు బాలుడు యెరూషలేములోనే ఉండిపోయాడు. ఆయన సమూహంలో ఉన్నాడని తలంచి వాళ్ళు ఒక దినప్రయాణం సాగిపోయారు. బంధువుల్లో వెతికి, లేకపోతే వెనక్కి వెళ్ళి, మూడు రోజుల తరవాత దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని ఉండగా చూశారు.

అమ్మ "తలంచి" అన్న మాట దగ్గర ఆగి కళ్ళద్దాల పైనుంచి మా ఇద్దరి వైపు చూసింది. తలంచి అంటే అనుకుని. మధ్యాహ్నం నుంచీ ఒకరి మీద ఒకరం విసురుకుంటున్న మాటే. అంత భక్తిగల తల్లిదండ్రులు, దేవదూత మాట విన్నవాళ్ళు, వాళ్ళూ అనుకున్నారు, రోజంతా నడిచారు. మాది ఇరవై నిమిషాలు. వాళ్ళది మూడు రోజులు. ఆ మూడు రాత్రులు మరియ ఎలా పడుకుందో ఆ రోజు నేను మొదటిసారి ఆలోచించాను. చిన్నప్పటినుంచీ విన్న కథలో ఆ తల్లి నాకు ఎప్పుడూ కనబడలేదు.

ఇంకోటి కూడా ఆ రాత్రే కంటబడింది. కొడుకు కనబడగానే మరియ అన్న మాటల్లో, నీ తండ్రియు నేనును దుఃఖపడుచు నిన్ను వెదకుచుంటిమి అని ఉంది. నీ తండ్రియు నేనును. ఆవిడ తనొక్కతే వెతికానని అనలేదు. ఆయన చూసుకోలేదని అనలేదు. ముందు భర్తను చెప్పి, తనను తరవాత చెప్పుకుంది. వెతికేటప్పుడు వాళ్ళిద్దరూ ఏమనుకున్నారో లూకా రాయలేదు గానీ, ఆ రెండు మాటలు చాలు నాకు.

నేను పిల్లల ముందే మా ఆవిడను క్షమించమని అడిగాను. కారులో అన్న మాటను మళ్ళీ పలికి, అది తప్పని చెప్పి అడిగాను. గొంతు పెగలడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ ఏడ్చింది. చిన్నది లేచి వచ్చి మా ఇద్దరి మధ్యా కూర్చుంది. ఆ రాత్రి వాక్యం మీద నేనేమీ మాట్లాడలేదు. పెద్దవాడు తనంతట తాను ప్రార్థన చేశాడు. రెండే వాక్యాలు. ఒకటి చెల్లి దొరికినందుకు. రెండోది నాన్న సారీ చెప్పినందుకు.

ఆ తరవాత రెండు నెలలకు అమ్మ స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, ఇంటికి తెచ్చాం. అమ్మ తనంతట తాను పక్కకు తిరగలేదు. ఒకే వైపు పడుకుంటే ఒళ్ళు పుండ్లు పడుతుంది కాబట్టి రెండు గంటలకోసారి తిప్పాలి, రాత్రి కూడా. ఆ పని మా ఆవిడ తీసుకుంది. నేను పొద్దున్నే ఉద్యోగానికి వెళ్ళాలి కదా అని ఇద్దరం అనుకున్నాం. మళ్ళీ అనుకోవడమే.

రాత్రి పడుకోబోయే ముందు అమ్మ మంచం దగ్గర కూర్చుని ఒక కీర్తన చదివేవాణ్ణి. చదివి, ప్రార్థన చేసి, నా గదికి వెళ్ళి పడుకునేవాణ్ణి. నా వంతు సేవ చేస్తున్నానని మనస్ఫూర్తిగా నమ్మాను. పంతొమ్మిదో రాత్రో, ఇరవయ్యో రాత్రో, బైబిలు తెరుస్తుంటే మా ఆవిడ అంది: "ఏమండీ, వాక్యం రేపు చదువుకుందాం. నాకు రెండు గంటలు నిద్ర కావాలి." గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కళ్ళ కింద నల్లగా ఉంది. అది ఎన్నాళ్ళనుంచి ఉందో నేను చూడలేదు.

నాకు ప్రవక్త ఏలీయా గుర్తొచ్చాడు. రాజుల మొదటి గ్రంథం పంతొమ్మిదో అధ్యాయం. రాణి యెజెబెలుకు భయపడి పారిపోయి, అరణ్యంలో ఒక రోజు నడిచి, బదరీవృక్షం కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అంటాడు. అంతకు ముందే కర్మెలు కొండ మీద ఆకాశంనుంచి అగ్ని దిగడం చూసినవాడు. అలాంటి మనిషి అలా అంటే దేవుడు దూతను పంపాడు. దూత వచ్చి విశ్వాసం ఏమైందని అడగలేదు, వాక్యం చెప్పలేదు. తట్టి లేపి తినమన్నాడు. తల దగ్గర నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ళబుడ్డి ఉన్నాయి. తిని తాగి మళ్ళీ పడుకున్నాడు. దూత పడుకోనిచ్చాడు. రెండోసారి వచ్చి మళ్ళీ తినమన్నాడు, నీ శక్తికి మించిన ప్రయాణం ఉందన్నాడు. దేవుడు హోరేబు కొండ దగ్గర మెల్లని స్వరంతో మాట్లాడటం ఆ తరవాత, నలభై రోజులు గడిచాక. నేనా వరసను తిరగేశాను. అలసిన మనిషికి ముందు వాక్యం పెట్టి, నిద్ర సంగతి దేవుడికి వదిలేశాను.

ఆ రాత్రి ఆవిడను పిల్లల గదిలో పడుకోబెట్టి తలుపు వేశాను. ఫోన్‌లో పదకొండుకు, ఒంటిగంటకు, మూడుకు, ఐదుకు అలారం పెట్టుకున్నాను. ఎలా తిప్పాలో ముందే చూపించింది: ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి నడుం కింద, మోకాళ్ళ మధ్య దిండు జరగకుండా, ఒకేసారి, మెల్లగా. మొదటిసారి అమ్మ నొప్పితో మూలిగింది. మూడింటికి కొంచెం చెయ్యి తిరిగింది. దిండు సర్దుతుంటే అమ్మ చీకట్లో అంది: "నువ్వా? కోడలనుకున్నాను."

"తను పడుకుందమ్మా."

కాసేపాగి, "లేపకు. పొద్దున కూడా లేపకు" అంది.

నూట ఇరవై ఒకటో కీర్తనలో ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు, నిద్రపోడు అని ఉంది. చిన్నప్పుడు కంఠతా పట్టిన మాట. మూడింటికీ ఐదింటికీ మధ్య కుర్చీలో కూర్చుని, మూడుసార్లు కునికి, ఉలిక్కిపడి లేచాక ఆ మాట బరువు తెలిసింది. ఎనిమిది వచనాల కీర్తనలో కాపాడటం అన్న మాట ఆరుసార్లు వస్తుంది. ఆ రాత్రి వేళ్ళ మీద లెక్కపెట్టాను. అప్పటినుంచి రాత్రుళ్ళు పంచుకున్నాం, ఒకటి ఆవిడది, ఒకటి నాది. ఆఫీసులో కళ్ళు మూతలు పడేవి. పడనీ.

ఆరు నెలలకు అమ్మ చేతికర్ర పట్టుకుని నడిచింది. ఎక్కడికైనా తీసుకెళ్ళమని తనే అడిగింది. పిల్లలు కొండ అన్నారు. పెద్ద కొండేమీ కాదు, మెట్లున్న చిన్న గుట్ట. పైనుంచి చూస్తే చుట్టూ చాలా దూరం కనబడుతుందని పెద్దవాడి ఆశ. అమ్మ పది మెట్లకోసారి ఆగుతోంది. వాడు పైకి పరిగెత్తి, మళ్ళీ కిందికి దిగి, "ఇలా అయితే ఎప్పటికి వెళ్తాం నాన్నా?" అని రెండుసార్లు అడిగాడు. పాఠం చెప్పకూడదన్న నియమం గుర్తుంది కాబట్టి ఊరుకున్నాను.

మూడోసారి దిగినప్పుడు మా ఆవిడ వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని యాకోబు సంగతి చెప్పింది. అది పాఠంలా చెప్పలేదు, మాటల్లో మాటగా చెప్పింది. అన్నను మోసం చేసి పారిపోయిన ఇరవై ఏళ్ళకు ఆ అన్న ఏశావు ఎదురొచ్చి, పద, కలిసి వెళ్దామన్నాడు. యాకోబు రానన్నాడు. పిల్లలు పసివాళ్ళు, మందలో పాలిచ్చేవి ఉన్నాయి, ఒక్కరోజు వడిగా తోలితే మంద అంతా చస్తుంది, నువ్వు ముందు వెళ్ళు, నేను ఈ పిల్లలు నడవగలిగినంత మెల్లగా నడిపించుకుంటూ వస్తానన్నాడు. ఆదికాండము ముప్పై మూడో అధ్యాయంలో ఉంది. నేను ఎన్నిసార్లు చదివానో, ఒక్కసారీ అక్కడ ఆగలేదు. యాకోబంటే మోసం, దేవునితో రాత్రంతా పెనుగులాట అనే నాకు గుర్తు. ఆ పెనుగులాటలో తొడ గూడు తప్పి కుంటుతున్న మనిషి, పిల్లల అడుగు కొలిచి నడవడం నేర్చుకున్నాడని అప్పుడు తట్టింది.

వాడేమీ అనలేదు. లేచి వెళ్ళి నానమ్మ ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. మెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పది కాగానే తనే "ఆగు నానమ్మా" అంటున్నాడు. చిన్నది నీళ్ళ సీసా మోసుకుంటూ ఒక మెట్టు ముందు నడుస్తోంది. డెబ్భై మెట్లో, ఎనభై మెట్లో ఎక్కాక ఒక బండ కనిపిస్తే అమ్మ అక్కడ కూర్చుంది. ఇక చాలురా అంది. ఎవరూ బలవంతపెట్టలేదు.

యెరూషలేముకు ఎక్కి వెళ్ళే యాత్రికులు పాడుకున్నవని చెప్పే యాత్రకీర్తనలు పదిహేను, నూట ఇరవై నుంచి నూట ముప్పై నాలుగు దాకా. ఆ పదిహేనింటిలో రెండోది మా అమ్మ మంచంలో ఉన్నన్నాళ్ళూ విన్నది. బండ మీద కూర్చుని, కర్ర ఒళ్ళో పెట్టుకుని, కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను అని ఎత్తుకుంది. గొంతు వణికింది. రెండో వచనానికి మా ఆవిడ కలిపింది. నాకు మాట రాలేదు. పెద్దవాడు శిఖరం వైపు ఒకసారి చూసి, నానమ్మ పక్కన బండ మీద చోటు చేసుకుని కూర్చున్నాడు.

ఆ రాత్రి నోట్‌బుక్ చిన్నది తీసుకుంది. అక్షరాలు కూడబలుక్కుంటూ, తనే రాస్తానని పట్టుబట్టి రాసింది.

"మేము పైకి వెల్లలేదు. నానమ్మ పాట పాడింది. అన్నయ్య చెయ్యి వదల్లేదు."